వెనక సీటు ఎడమ పక్క

తాడేపల్లిగూడెంలో పాత కార్లు అమ్మేవాళ్ళం ఏడుగురం ఉన్నాం. మిగతా ఆరుగురూ ‘ఉన్నది ఉన్నట్టు’ అని కాగితం మీద సంతకం పెట్టించుకుని అమ్ముతారు. నేను నెల రోజులు మాట ఇస్తాను. నెలలోపు బండి నచ్చకపోతే తెచ్చి నా షెడ్డు ముందు ఆపి, తాళం ఇచ్చి, డబ్బు పట్టుకెళ్ళొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. ఇందులో మంచితనం ఏమీ లేదు. వెనక్కి వచ్చే బండ్లు ఏడాదికి రెండో మూడో. ఆ మాట విని నా గుమ్మం తొక్కేవాళ్ళు వందకు పైన. పదకొండేళ్ళుగా ఈ లెక్క తప్పలేదు.

చాముండేశ్వరిగారు నా దగ్గరికి వచ్చింది కూడా ఆ మాట వినే. ఆవిడ ఊళ్ళోని ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. యాభై నాలుగేళ్ళు. హెడ్మిస్ట్రెస్ ప్రమోషన్ల జాబితాలో ఆవిడ పేరు పైకి వచ్చింది. ఖాళీలు చూసుకుంటే ఆవిడ వంతుకు మిగిలేది కొల్లేటికోట దగ్గర ఒక లంక గ్రామంలోని బడి. ముందుగానే ఒకరోజు బస్సులో వెళ్ళి చూసి వచ్చారట. గణపవరం మీదుగా ఆకివీడు, అక్కడ ఇంకో బస్సెక్కి ఆలపాడు, అక్కణ్ణుంచి ఆటో. ఆటో నిండితేనే కదులుతుంది. ఇంట్లో ఆరింటికి బయల్దేరితే బడి గేటు చేరేసరికి పదిన్నర అయింది. బడి గంట కొట్టేది తొమ్మిదికి. కారుంటే గంటన్నర ప్రయాణం.

అందుకని ఆవిడ ఈ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి క్లచ్ తొక్కే పని లేని బండి కావాలన్నారు. అలాంటిది ఆ నెల నా దగ్గర ఒక్కటే ఉంది. ఆరేళ్ళ నాటి తెల్ల కారు, ఆటోమేటిక్. గణపవరం దగ్గర చేపపిల్లల వ్యాపారం చేసే సోమరాజుగారి దగ్గర కొన్నాను. ఆషాఢంలో కొన్నాను కాబట్టి తక్కువకి వచ్చింది. శ్రావణం మొదటి బుధవారం ఆవిడకి ఇచ్చాను కాబట్టి మంచి ధరకి పోయింది.

ఆవిడ భర్త సుబ్బరామయ్యగారు పురోహితులు. మా ఊళ్ళో గృహప్రవేశాలు, వ్రతాలు, కొత్త బండ్ల పూజలు సగం ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, తొంభై కిలోలకు తగ్గరు. భార్య ఆ ఊరు వెళ్ళడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన కారణం ఆయనకుంది. రెండేళ్ళ కిందట ఆయన పూజ చేసి నిమ్మకాయలు తొక్కించిన కారొకటి నెల తిరక్కుండా పొగమంచులో గట్టు మీంచి చేపల చెరువులోకి జారిపోయింది. లోపలి మనిషి బతికాడు. కానీ ఆ కారుని క్రేనుతో పైకి లాగుతున్నప్పుడు సుబ్బరామయ్యగారు అక్కడే ఉన్నారు. ఆలపాడు నుంచి లోపలికి వెళ్ళే దారి పొడుగునా అలాంటి గట్లే. నాలుగు వీధుల అవతల ఉన్న ఉద్యోగం వదిలి అక్కడికెందుకని ఆయన వాదన. ఇరవై ఎనిమిదేళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడ్డాను, రిటైరయ్యేలోపు ఒక బడిని నడిపి చూడాలని ఆవిడ కోరిక. ఇద్దరిదీ తప్పు లెక్క కాదు.

కారు ఇచ్చిన నాలుగో రోజు డ్యాష్‌బోర్డులో దీపం వెలిగింది.

పసుపు రంగు దీపం. దాని మీద బొమ్మ ఒక కారు, కింద రెండు వంకర గీతలు, బురదలో జారిపోతున్నట్టు. దాన్ని ట్రాక్షన్ కంట్రోల్ దీపం అంటారు. చక్రం పట్టు తప్పి జారితే ఇంజిన్ జోరు తగ్గించి, ఆ చక్రాన్ని పట్టి నిలిపే ఏర్పాటు ఇప్పటి కార్లలో ఉంటుంది. ఆ ఏర్పాటు పనిచేయడం లేదని చెప్పడానికి ఆ దీపం. పక్కన బ్రేకుల తాలూకు ఏబీఎస్ దీపం కూడా వెలిగింది. రెండింటికీ కబురు అందేది చక్రాల దగ్గరున్న సెన్సర్ల నుంచే కాబట్టి ఒకటి వెలిగితే రెండోదీ వెలుగుతుంది. బండి నడుస్తుంది, బ్రేకు పడుతుంది. జారితే మాత్రం పట్టుకునేవాళ్ళు లేరని అర్థం.

ఇదంతా నేను వివరంగా చెప్పబోతే సుబ్బరామయ్యగారు వినలేదు.

“మెకానిక్కుని అడగడం ఎందుకండీ దుర్గారావుగారూ. బొమ్మేసి మరీ చెబుతోంది కదా, జారుతుందని.”

నాకు ఇలాంటివి చూసిపెట్టేది ఏలూరులో అభినవ్. పాలిటెక్నిక్ చదివి, ఒక కంపెనీ సర్వీసు సెంటరులో పదేళ్ళు చేసి, సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాడు. నన్ను బాబాయ్ అంటాడు. బిల్లు మాత్రం అందరికీ వేసినట్టే వేస్తాడు. టీచరుగారు కారు నడుపుకుంటూ ఏలూరు వచ్చారు, పంతులుగారిని ఎక్కించుకుని. వెనకాల నేను నా బండి మీద వెళ్ళాను. దారిలో దీపం వెలిగిందట. వర్క్‌షాపులో ఇంజిన్ ఆపి మళ్ళీ వేస్తే ఆరిపోయింది. అభినవ్ స్కానర్ పెట్టి చూశాడు. వెనక ఎడమ చక్రం సెన్సర్ నుంచి కబురు మధ్యమధ్యలో తెగిపోతోందని వచ్చింది. సెన్సర్ మార్చి, కైకలూరు రోడ్డులో ఇరవై కిలోమీటర్లు తిప్పి చూశాడు. దీపం రాలేదు. ఇంటికి తిరిగి వెళ్తుంటే దారిలోనే మళ్ళీ వెలిగింది.

రెండోసారి ఆ చక్రం బేరింగ్ మార్చాడు. ఆ బేరింగ్‌కే సెన్సర్ చదివే రింగు ఉంటుంది, అది దెబ్బతిన్నా ఇలాగే అవుతుందన్నాడు. నలభై కిలోమీటర్లు తిప్పాడు. రాలేదు. తిరుగు దారిలో మళ్ళీ వెలిగింది. మూడోసారి నాలుగు టైర్ల సైజు, గాలి, బ్యాటరీ, స్టీరింగు, అన్నీ చూశాడు. ఏ తేడా లేదు. కారు వాడి చేతిలో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, ఆవిడ ఇంటికి చేరేలోపు వెలుగుతుంది.

మూడుసార్లూ పంతులుగారు వెంట వచ్చారు. పెద్దాయన్ని ఎండలో తిప్పడం ఎందుకని మూడుసార్లూ ఆయన్ని దింపి, ఫ్యాను కింద కుర్చీ వేసి, కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చేవాళ్ళం. టీచరుగారు అభినవ్ పక్కన కూర్చుని దీపం వంకే చూస్తూ వెళ్ళి వచ్చేవారు.

ఈలోగా ప్రమోషన్ ఉత్తర్వులు వచ్చాయి. అనుకున్న బడే. పదిహేను రోజుల్లో చేరాలి. మూడో రిపేరు కూడా పనిచేయలేదని తెలిసేటప్పటికి గడువు ఆఖరి రోజైన సోమవారానికి ఆరు రోజులు మిగిలాయి. ఆ మంగళవారం భార్యాభర్తలిద్దరూ నా షెడ్డుకి వచ్చారు. పంతులుగారు కుర్చీలో కూర్చుని నెమ్మదిగానే చెప్పారు.

“శనివారానికి ఆ దీపం సంగతి తేలకపోతే మీ మాట ప్రకారం కారు మీకు ఇచ్చేస్తామండీ. ఈవిడ ప్రమోషన్ వద్దని రాసిచ్చేస్తుంది. ఇంట్లో అలా అనుకున్నాం.”

నేను టీచరుగారి వైపు చూశాను. అవునన్నట్టు తలాడించారు. వెలుగుతున్న దీపంతో ఆ గట్ల మీదకు వెళ్ళనని ఆవిడ ఆయనకు మాటిచ్చారు. ఒకసారి వద్దని రాసిస్తే మళ్ళీ ఆ వంతు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆవిడకి అన్ని ఏళ్ళు సర్వీసు లేదు. కారు వెనక్కి వస్తే నేను తుడిచి ఇంకొకరికి అమ్ముకుంటాను. ఆవిడ ఉత్తర్వులు ఇంకోసారి అమ్మకానికి రావు. 

వెళ్ళబోతుంటే ఆవిడను ఆపి ఒక పని చెప్పాను. సరుకు పాడవుతున్నప్పుడు నేను ఎందుకు పాడైందని అడగను, ఏ రోజుల్లో పాడవలేదో చూస్తాను. అలాగే కారు కొన్న రోజు నుంచి ఎక్కడికి వెళ్ళారో, వాన ఉందో లేదో, ఎవరున్నారో, దీపం వెలిగిందో లేదో గుర్తు చేసుకుని మొత్తం రాసి తెమ్మన్నాను. వెలగని రోజులు కూడా వదలొద్దన్నాను.

శుక్రవారం సాయంత్రం తెచ్చారు. స్కేలుతో గీతలు గీసి, హాజరుపట్టీలా ఉంది. పదిహేడు ప్రయాణాలు. తొమ్మిదిసార్లు వెలిగింది, ఎనిమిదిసార్లు లేదు. ముందు వాన వరస చూశాను. పొడి రోజుల్లోనూ వెలిగింది, జోరువానలోనూ ఊరుకుంది. రోడ్డు వరస చూశాను. పెంటపాడు రోడ్డులో ఒకరోజు వెలిగి, మర్నాడు అదే రోడ్డులో వెలగలేదు. అప్పుడు మనుషుల వరస మీద వేలు పెట్టుకుంటూ వచ్చాను. కొన్నిచోట్ల ‘నేను’ అని, కొన్నిచోట్ల వాళ్ళమ్మాయిని కలిపి ‘నేను, పాప’ అని, కొన్నిచోట్ల ‘నేను, ఆయన’ అని ఉంది. ‘ఆయన’ పదిసార్లు ఉన్నారు. ఆ పదిలో తొమ్మిది వెలిగినవే. ‘ఆయన’ లేకుండా ఒక్కసారీ వెలగలేదు.

ఆ ఒక్క తేడా రోజు గురించి అడిగాను. ఆవిడ కాగితం తిప్పి చూసుకుని, “ఆ రోజు వ్రతానికి అరటిపిలకలు, పీటలు వెనక సీటు నిండా పెట్టాం. ఆయన ముందు కూర్చున్నారు” అన్నారు.

“మామూలుగా ఎక్కడ కూర్చుంటారండీ?”

“వెనకేనండీ. ఎడం పక్క. కార్యం చేయించుకునేవాళ్ళు కారు పంపితే అలాగే కదా కూర్చుంటారు. నలభై ఏళ్ళ అలవాటు. నేను నడిపినా అంతే, నన్నూ డ్రైవరు కిందే జమకట్టారు.”

అభినవ్‌కి ఫోన్ చేసి చెప్పాను. “మూడుసార్లూ ఆయన్ని మనమే దింపేశాం కదా బాబాయ్” అన్నాడు.

శనివారం పొద్దున్నే వాడు సామాను పట్టుకుని నా షెడ్డుకి వచ్చాడు. దంపతులు తొమ్మిదింటికి వచ్చారు. నేను అలవాటుగా కుర్చీ వేయబోయి ఆగి, మీరు దిగకండి, ఎప్పటిలాగే కూర్చోండి, ఒక చుట్టు తిప్పి చూడాలి అన్నాను. విషయం చెప్పాక ఆయన నవ్వారు.

“ఇన్నాళ్ళూ కొబ్బరిబోండం ఇచ్చి కూర్చోబెట్టారు. ఇప్పుడు తూకంరాయిని చేశారన్నమాట.”

టీచరుగారు నడిపారు. నేను ముందు, అభినవ్ వెనక కుడి పక్క. రైల్వే బ్రిడ్జి ఎక్కుతుండగా దీపం వెలిగింది. ఇంజిన్ ఆపి, అభినవ్‌ని మధ్యకి జరిపి, పంతులుగారిని కుడి పక్కకి పంపి మళ్ళీ వెళ్ళాం. రాలేదు. ఎడమకి మారగానే అర కిలోమీటరులో వచ్చింది. మూడుసార్లు మార్చి చూశాం, మూడుసార్లూ అంతే.

షెడ్డుకి తిరిగొచ్చాక అభినవ్ మొహం వెలిగిపోతోంది. పంతులుగారి మొహం మాత్రం నల్లబడింది.

“నలభై ఏళ్ళలో ఎన్నో కార్లు ఎక్కానండీ. ఏ కారూ నన్ను వద్దనలేదు. ఇది అంటోంది. నేను కూర్చుంటే దీపం, లేస్తే లేదు. ఇంకా ఏం చూడాలి?”

ఆయన దాన్ని అలా లెక్క వేస్తారని నేను అనుకోలేదు. అలా కాదని చెప్పాలంటే సీటెత్తి చూపించాలి. అభినవ్ నా దగ్గరికి వచ్చి, పెద్దాయన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టు బాబాయ్, నేను చూసి సర్దేస్తాను అని చెవిలో చెప్పాడు. వాడికి లోపల ఏముంటుందో తెలుసు. నాకూ తెలుసు.

మా నాన్న కొల్లేటి చెరువుల మీద పనిచేసి మమ్మల్ని పెంచాడు. సోమరాజుగారి కారు తలుపు తీసిన రోజునే ఆ వాసన నాకు తెలిసింది. చేపపిల్లల్ని నీళ్ళూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో మోస్తారు. పిల్ల బెదిరి చావకుండా ఆ నీళ్ళలో ఉప్పు వేస్తారు. వ్యానుకి సరిపడా బేరం లేని రోజున ఆ సంచులు కారు వెనక సీట్లోకి ఎక్కుతాయి. గట్టు మీద కుదుపుకి సంచి చిరుగుతుంది. ఇదంతా తెలిసే నేను నాలుగు రోజులు తలుపులు తీసి ఎండబెట్టి, సీట్లకి షాంపూ కొట్టించి, కొత్త మ్యాట్లు వేయించాను. సీటు మాత్రం ఎత్తించలేదు. ఎత్తితే ఏదో ఒకటి కనబడుతుంది, కనబడితే బాగుచేయించాలి. ఎత్తకపోతే నాకు తెలియదు.

ఇప్పుడు ఆయన చూడకుండా సర్దేస్తే సోమవారం ఆవిడ బడిలో చేరతారు. కానీ ఆయన బుర్రలో ‘ఈ కారు నన్ను వద్దంది’ అన్న మాట అలాగే ఉంటుంది. రేపు టైరు పంక్చరైనా అదే బయటికి వస్తుంది. ఆయన్ని దగ్గరకి రమ్మన్నాను.

అభినవ్ సీటు పైకి లాగాడు. కింద పరిచిన ఫెల్టు గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. దాని మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. ఎడమ చక్రం నుంచి వచ్చే వైరు అక్కడే ఇంకో వైరుతో కలుస్తుంది. ఆ కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉంది. సీటు మీద బరువు పడినప్పుడు లోపలి ఇనపకడ్డీ దాన్ని నొక్కుతోంది, లోపల తీగ విడిపోతోంది. మూలన గోరంత చేపపిల్లలు మూడు, ఎండి అతుక్కుని ఉన్నాయి.

పంతులుగారు వంగి చూసి, కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చారు.

“నెల నుంచీ నేను దీని మీద కూర్చునే వ్రతాలకి వెళ్ళానా?”

“అవునండీ.”

“మీకు తెలుసా?”

“చేపపిల్లల్ని మోసిన కారని తెలుసండీ. సీటు కింద ఇలా ఉందని తెలియదు. తెలుసుకోకూడదనే ఎత్తలేదు.”

ఆయన భార్య వైపు తిరిగి, “తాళం ఆయనకి ఇచ్చెయ్” అన్నారు.

ఆవిడ ఇవ్వలేదు. “మీరు ఇన్నేళ్ళలో ఎన్ని బండ్లకి పూజ చేశారండీ?” అని అడిగారు.

“వేలుంటాయి. ఇప్పుడదెందుకు?”

“ఒక్కదానికైనా సీటెత్తి చూశారా?”

ఆయన కండువాతో చేతులు తుడుచుకున్నారు.

“నేను వెళ్ళే బడికి పిల్లలు ఈ నీళ్ళున్న ఇళ్ళ నుంచే వస్తారు. సాయంత్రం నా చీరకి కూడా ఈ వాసనే ఉంటుంది. అప్పుడు నన్ను ఎవరికి ఇచ్చేస్తారు? శనివారానికి సంగతి తేలాలి అన్నారు. ఇవాళ శనివారం. తేలింది.”

పంతులుగారు మాట తప్పే మనిషి కాదు. మాటని గట్టిగా పట్టుకుని లాగే మనిషి. “కారణం తేలింది, దీపం ఆరలేదు” అన్నారు. “బాగుచేయండి. సోమవారం నేనూ వస్తాను, అదే చోట కూర్చుంటాను. బడి చేరేలోపు అది వెలిగితే అక్కడే కాగితం రాసి వెనక్కి వచ్చేస్తాం.”

ఆవిడ సరేనన్నారు. నేను కూడా వస్తానన్నాను.

ఆ రెండు రోజులూ అభినవ్ ఏలూరు వెళ్ళలేదు. ఫెల్టు మొత్తం పీకించి, రేకుని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాం. చిలుము పట్టిన వైరుని జానెడు మేర కోసేసి, కొత్త కనెక్టరు వేసి, సీటు కడ్డీకి తగలకుండా పక్కకి తిప్పి బిగించాడు. సీటు లోపలి ఫోము కొత్తది వేయించాను. ఆ కారు మీద నాకు మిగిలిందంతా అక్కడితో అయిపోయి, ఇంకా కొంచెం చేతినుంచి పడింది. సీటెత్తడానికి ఆషాఢంలో అరగంట పట్టేది.

ఆదివారం పదింటికి పంతులుగారు ఒక్కరే వచ్చారు. చేతిలో పుణ్యాహవచనం సామాను. సీటు బిగించబోతుంటే ఆగమన్నారు. ఎత్తిన సీటు కింద, రేకు మీద, వైర్ల మధ్య మామిడాకుతో నీళ్ళు చల్లి, మంత్రం పూర్తయ్యాక ఇప్పుడు బిగించుకోండి అన్నారు.

సోమవారం ఏడింటికి బయల్దేరాం. ఆవిడ స్టీరింగు దగ్గర, నేను పక్కన, ఆయన నా వెనక. గణపవరం వెళ్ళేదాకా ఎండ ఎడమ వైపు నుంచి కొడుతుంది. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి ఆయన మెల్లగా కుడి పక్కకి జరిగారు. నేను చూసి ఊరుకున్నాను. కుడి పక్కన కూర్చుంటే దీపం రాదని గట్టిగా తెలుసు, అలాగే బడి చేరితే నాకు పోయేదేముంది. ఆవిడ అద్దంలో చూశారు.

“ఎడం పక్కకి రండి.”

“ఎండ కొడుతోందే.”

“కొట్టనివ్వండి. అక్కడ కూర్చుంటానని మీరే అన్నారు.”

ఆయన కండువా తల మీద వేసుకుని వెనక్కి జరిగారు. ఆకివీడు దాటాం. ఆలపాడు దగ్గర లోపలికి తిరిగాం. దీపం లేదు. అక్కణ్ణుంచి రోడ్డు సన్నబడి గట్టెక్కుతుంది. రెండు వైపులా చెరువులు, నీళ్ళు రోడ్డుకి మూడడుగుల దూరంలో. రాత్రి వాన పడి అంచులు మెత్తగా ఉన్నాయి. కొంగలు తప్ప ఎవరూ లేరు.

బడి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఎదురుగా చేపల లోడుతో లారీ వచ్చింది. ట్రేలలోంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ ఎడమకి తీసి లారీకి దారిచ్చారు. ముందు చక్రం తారు దిగి బురదలో పడింది. మళ్ళీ రోడ్డెక్కించడానికి యాక్సిలరేటరు నొక్కారు. చక్రం గిర్రున తిరిగి కారు ముందు భాగం చెరువు వైపుకి జరిగింది. ఆ క్షణాన దీపం వెలిగింది. వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగి, నాలుగైదుసార్లు మినుకుమంది. కింద ఏదో కరకరలాడింది, ఇంజిన్ జోరు దానంతట అదే తగ్గింది, చక్రం పట్టు దొరికి కారు తారు మీదికి వచ్చింది. దీపం ఆరిపోయింది.

“వెలిగింది,” అన్నారు పంతులుగారు.

ఆవిడ రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపారు. ఆ దీపం అదేపనిగా వెలిగితే జబ్బు, మినుకుమంటే పని చేస్తోందని నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. సీటు ఎత్తని మనిషి మాట ఆ సమయంలో ఎంతకి చెల్లుతుంది. ఆవిడే ముందు అరలోంచి కారు పుస్తకం తీసి, మడత పెట్టుకున్న పేజీ తెరిచి, వెనక్కి అందించారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వేలు కింద పెట్టుకుంటూ చదివారు. ఒక్క వాక్యమే, రెండుసార్లు చదివారు. మినుకుమంటే చక్రం జారుతోందని, ఏర్పాటు దాన్ని పట్టుకుంటోందని.

పుస్తకం సీటు మీద పెట్టి కారు దిగారు. మేం కూడా దిగాం. ఆయన వెనక్కి నడిచి, కారు బురదలో దిగిన చోట నిలబడ్డారు. చక్రం జాడ స్పష్టంగా ఉంది. తారు దిగిన చోట తిన్నగా, తర్వాత నీళ్ళ వైపు వంకరగా జారి, ఒకచోట ఆగి, అక్కణ్ణుంచి లోతుగా నొక్కుకుంటూ రోడ్డు వైపు తిరిగింది. ఆగిన చోటికీ గట్టు అంచుకీ మధ్య ఆయన తన పాదం పెట్టి చూసుకున్నారు. ఒక పాదం పట్టి ఇంకొంచెం మిగిలింది.

వచ్చి వెనక తలుపు తీసుకుని ఎడమ పక్కన కూర్చున్నారు.

“పద. తొమ్మిదవుతోంది,” అన్నారు.

బడి చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు. ఇన్‌ఛార్జిగా ఉన్న మాస్టారు ఎదురొచ్చి ఆవిడని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళారు. కిటికీలోంచి చూశాను. ఆవిడ నిలబడే చేరిక కాగితం రాసి, సంతకం చేసి, రిజిస్టరులో కూడా పెట్టారు. గంట కొట్టారు, పిల్లలు వరసలు కట్టారు. ప్రార్థన అయ్యాక ఆవిడ తిరిగి ఆఫీసులోకి రాలేదు. లెక్కల మాస్టారు సెలవులో ఉన్నారని పదో తరగతి గదిలోకి వెళ్ళిపోయారు.

కారు తాళం ఆవిడ హ్యాండుబ్యాగులో ఉంది. పంతులుగారికీ నాకూ వరండాలో బల్ల చూపించారు. వంట చేసే లక్ష్మమ్మ అని ఒకావిడ రెండు అరటిపళ్ళు, రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చి పెట్టి, ఇవి క్యాను నీళ్ళేనండీ, చెరువువి కావు అని చెప్పి వెళ్ళింది. పంతులుగారు గ్లాసు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగి, బడి ఎన్నింటికి వదులుతారని అడిగారు. నాలుగింటికని చెప్పాను.

“రేపు నాకు ఏలూరులో గృహప్రవేశం ఉందండీ. పొద్దున్నే వాళ్ళ కారొస్తుంది. మరి ఈ కారు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు, దీపం వస్తుందేమో చూడ్డానికి?”

“ఇంక చూడక్కర్లేదండీ,” అన్నాను.

ఆయన తల పంకించి, కండువా మడిచి బల్ల మీద వేసుకుని, దాని మీద కూర్చున్నారు.